ఇరవై ఆరు పక్కన ఇరవై ఏడు



ఈ వరుసలో ఇప్పటిదాకా వాడ గురించి, బాయి గురించి, వెట్టి గురించి, ఇనాం భూముల గురించి రాశాను. పోయిన భాగం చదివి డిగ్రీ చదివే ఒక చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, మీరు రాసే చరిత్రల అందరు నడిచేటోళ్లే ఉంటరు. ఊరేగింపుకు పోతరు, చెరువు కాడికి పోతరు, ఆఫీసు ముందట ధర్నాకు పోతరు. మా అమ్మకు కండ్లు కనపడవు. ఆమె ఏ చరిత్రల ఉన్నట్టు?" అని అడిగింది.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకంటే ఆ చరిత్ర మా ఇంట్లోనే ఉంది. నేనే రాయలేదు.

మా కాక కొడుకు నాకంటే మూడేండ్లు చిన్న. పసితనంలో జ్వరం వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. పోలియో అని చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. అప్పటిదాకా కొందరు దేవత కోపం అన్నారు, కొందరు సూది వికటించింది అన్నారు. మూడు చక్రాల బండి ఒకటి ఉంటుందని కూడా మా వాడలో తెలియదు. తమ్ముడు అరచేతులు నేలకు ఆనించి, నడుము ఈడ్చుకుంటూ కదిలేవాడు. ఎండాకాలం చేతులు బొబ్బలెక్కేవి. అది చూడలేక మా తాత, కింద పాత టైరు ముక్క పెట్టి, పైన తోలు పట్టీ కుట్టి, చేతులకు చెప్పులు చేసిచ్చాడు. మా ఇంటికి వచ్చిన మొదటి సహాయ పరికరం అదే. ఏ క్యాంపులోనూ ఇచ్చింది కాదు, మా కులం చేసే పనిలోంచి వచ్చింది.

1990 ప్రాంతంలో చుట్టాల పెండ్లికి ఒక పల్లెకు పోయాం. ఊరి పేరు రాయను. వాడ నుంచి బస్సు ఆగే కాడికి పోవాలంటే పెద్ద వీధి దాటాలి. ఆ వీధిలో మనవాళ్లు చెప్పులు విడిచి చేత పట్టుకుని నడవాలి. అందరం విడిచాం. తమ్ముడు ముందు పోతున్నాడు. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమనిషి కేకేశాడు.

"ఏందిరా, వాడు చెప్పులేసుకున్నడు?"

మా కాక చేతులు జోడించి, "అయ్యా, కాళ్లకు కాదు, చేతులకు" అన్నాడు.

"ఏడ ఏసుకున్నా చెప్పులు చెప్పులే."

తమ్ముడు చేతి చెప్పులు విప్పి మెడలో వేసుకున్నాడు. ఆ వీధి దాటేదాకా ఎండలో ఉత్త చేతులతో పాకాడు.

ఆ రోజు నాకు కులం అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి ఇరవై ఏండ్లు పట్టింది. చెప్పులు విప్పించింది కులం. బస్సు మెట్టు ఎక్కడానికి ఇద్దరు మోయాల్సి రావడం, బడి గుమ్మానికి మూడు మెట్లు ఉండటం, పక్క ఊరి హైస్కూలుకు పోయే దిక్కు లేక ఐదో తరగతితో చదువు ఆగిపోవడం, ఇవన్నీ ఇంకో కట్టడం. ఆ కట్టడానికి కూడా ఒక చరిత్ర ఉంది. అందులో మున్సిపాలిటీలు, పంచాయతీలు, తీర్మానాలు, బడ్జెట్లు ఉన్నాయి. ఈ భాగం దాని గురించే.

మహాడ్‌లో ఒక మున్సిపాలిటీ ఉంది

1927 మార్చి 20న బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగాడని మన పిల్లలందరికీ తెలుసు. ఆ కథలో ఒక మున్సిపాలిటీ ఉన్న సంగతి చాలామంది మరిచిపోతారు.

1923 ఆగస్టులో బొంబాయి శాసన మండలిలో ఎస్.కె. బోలే ఒక తీర్మానం పెట్టి గెలిపించాడు. ప్రజల డబ్బుతో నడిచే చెరువులు, బావులు, బడులు, దవాఖానలు అంటరానివారికి కూడా తెరవాలన్నది దాని సారం. దాన్ని అనుసరించి 1924 జనవరిలో మహాడ్ మున్సిపాలిటీ చౌదార్ చెరువు అందరిదీ అని తీర్మానం చేసింది. మూడేండ్లు ఆ తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. 1927లో మనుషులు నడుచుకుంటూ పోయి నీళ్లు ముట్టారు. అప్పుడు దాడి జరిగింది. అదే ఏడాది ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే వెనక్కి తీసుకుంది. కేసు పదేండ్లు నడిచి, 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టులో మనవాళ్లు గెలిచారు.

ఈ కథలో మనం నేర్చుకోవాల్సినవి మూడున్నాయి. ప్రజల డబ్బుతో కట్టినదాంట్లోకి పోవడం హక్కు, ఎవరి దయా కాదు. స్థానిక సంస్థ తీర్మానం చేసినంత మాత్రాన దారి తెరుచుకోదు. వెంటబడకపోతే అదే సంస్థ ఆ తీర్మానాన్ని మింగేస్తుంది కూడా.

ఆ పోరాటమే రాజ్యాంగంలోకి 15(2) అధికరణగా వచ్చింది. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు కలిసే చోట్లు, వీటిలోకి పోకుండా ఎవరినీ ఆపగూడదు అంటుంది. ఏ కారణాలతో ఆపగూడదో కూడా లెక్కపెట్టి చెప్పింది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు. ఆ జాబితాలో వైకల్యం లేదు.

వైకల్యం రాజ్యాంగంలో వేరే చోట ఉంది. 41వ అధికరణలో ప్రభుత్వ సాయం దగ్గర ఉంది. ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితా తీసి చూడండి, 9వ అంశం: వికలాంగులకు, పనిచేయలేని వారికి ఉపశమనం. దాని కిందనే 10వ అంశం: శ్మశానాలు. ఇది బాబాసాహెబ్‌ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆ రోజుల్లో దాదాపు ప్రపంచమంతా వైకల్యాన్ని జాలి లెక్కలోనో, వైద్యం లెక్కలోనో చూసింది. మనకు హక్కు దొరికిన చోట వాళ్లకు ఉపశమనం దొరికింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, ముందుకు పోయాక పనికొస్తుంది.

మన జిల్లాలో

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. అంతకుముందు మా బిచ్కుంద నిజామాబాద్ జిల్లాలో ఉండేది. ఆ పాత జిల్లాలో డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ మెథడిస్టు మిషన్ తరపున ఇక్కడ పనిచేశారు. రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915లో ఆసుపత్రి తెరిచారు. ఎవరూ ముట్టని మనుషుల పుండ్లు కడిగారు. అందుకు వాళ్లను గౌరవించాల్సిందే.

కానీ ఒక మాట ఆలోచించండి. రోగికి కట్టిన చోటు ఊరికి దూరం. ఊరు మాత్రం మారలేదు. ఊరు తనకు నచ్చని శరీరాన్ని బయటికి పంపింది, బయట ఎవరో దయగలవాళ్లు చేరదీశారు. వాడ కూడా ఊరి బయటే ఉంది. కులానికీ కుష్ఠుకూ ఊరు ఒకే పద్ధతి వాడింది.

ఇది పాత ముచ్చట అనుకోకండి. కుష్ఠు వ్యాధి ఉన్నవాళ్లు మున్సిపాలిటీ పదవికి అనర్హులు అనే ఒరిస్సా చట్టాన్ని 2008లో సుప్రీంకోర్టు సమర్థించింది, ధీరేంద్ర పాండువా కేసులో. మందుతో నయమయ్యే జబ్బు. ఆ జబ్బున్న మనిషి ఓటు వేయొచ్చు, వార్డు మెంబరు కావద్దు అన్నమాట.

ఇక లెక్కల సంగతి. వలస పాలన జనాభా లెక్కల్లో వైకల్యాలకు నాలుగు గడులుండేవి. మతి సరిగా లేనివారు, చెవిటి మూగ, గుడ్డి, కుష్ఠు. కాళ్లు పడిపోయినవాళ్లకు గడి లేదు. 1931 తర్వాత ఆ నాలుగు గడులు కూడా తీసేశారు. 1981లో ఒకసారి అడిగారు. 1991లో మళ్లీ అడగలేదు. 2001 నుంచి అడుగుతున్నారు. మా తమ్ముడు చేతులతో పాకుతూ పెద్ద వీధి దాటిన ఆ రోజుల్లో, దేశం అతన్ని లెక్కే పెట్టలేదు.

2011 లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2 కోట్ల 68 లక్షలు, జనాభాలో 2.21 శాతం. ఇప్పుడు కులం వారీగా చూడండి. ఎస్సీల్లో 2.45 శాతం. ఎస్సీ ఎస్టీలు కానివారిలో 2.18 శాతం. వంద మందిలో తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కోట్ల జనాభాలో అది లక్షల శరీరాలు. చాలని తిండి, పాడు నీళ్లు, ప్రమాదకరమైన పని, ఆలస్యంగా అందే దవాఖాన, ఈ నాలుగూ కులాన్ని బట్టి పంచబడిన దేశంలో వైకల్యం కూడా కులాన్ని బట్టే పంచబడుతుంది.

26, 27

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలతో పదకొండో షెడ్యూలు వచ్చింది. మన కార్యకర్తలకు 27వ అంశం నోటికి వచ్చు: బలహీన వర్గాల, ముఖ్యంగా ఎస్సీ ఎస్టీల సంక్షేమం. గ్రామసభల్లో దాన్ని చదివి వినిపించిన వాళ్లలో నేనూ ఉన్నాను. దానికి సరిగ్గా ముందు ఉన్న 26వ అంశం నేను ఏండ్ల తరబడి చూసీ చూడలేదు. సామాజిక సంక్షేమం, అందులో వికలాంగుల, మానసిక వైకల్యం ఉన్నవారి సంక్షేమం.

26 పక్కన 27. ఒకే కాగితం మీద పక్కపక్క వరుసలు. ఆ రెండు వరుసల్లోనూ ఉన్న మనిషి మా తమ్ముడు. ఫోన్ చేసిన చెల్లెలి తల్లి కూడా.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలు. ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది, ఉద్యోగాల్లో 3 శాతం ఇచ్చింది. ర్యాంపులు, అనువైన మరుగుదొడ్ల గురించి కూడా చెప్పింది. అయితే ఒక షరతు పెట్టింది, ఆర్థిక స్తోమత మేరకు అని. ఊరి పంచాయతీకి స్తోమత ఎప్పుడుంటుంది? ఆ షరతు దొరికాక పని చేయకపోవడానికి ఇంకో సాకు వెతకాల్సిన పని లేకపోయింది.

ఇక్కడ మన ఉద్యమం చేసిన పని చెప్పాలి. 2007లో మంద కృష్ణ మాదిగ నాయకత్వంలో వికలాంగుల హక్కుల పోరాట సమితి పుట్టింది. దండోరా నడిపిన చేతులే ఆ జెండా కూడా పట్టాయి. పింఛను ఉద్యమం మండలాల దాకా పోయింది. తెలంగాణలో 2014లో ఆసరా కింద వికలాంగుల పింఛను 1,500 అయింది, 2019లో 3,016, 2023లో 4,016. ఈ రూపాయలు ఎవరో ఇష్టంగా పెంచినవి కావు. మూడు చక్రాల బండ్లు కలెక్టరేట్ల ముందు నిలబడితే పెరిగినవి.

దళిత ఉద్యమానికీ వికలాంగుల ఉద్యమానికీ ఏం సంబంధం అని అడిగేవాళ్లకు ఇంకో ఉదాహరణ. 1977 ఏప్రిల్‌లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో వికలాంగులు ఒక ప్రభుత్వ కార్యాలయంలో బైఠాయించారు. కేంద్ర నిధులు తీసుకునే ఏ సంస్థా వికలాంగులపై వివక్ష చూపగూడదనే చట్టానికి నియమాలు రాయాలని డిమాండ్. దాదాపు నాలుగు వారాలు లోపలే ఉన్నారు. వాళ్లకు రోజూ వేడి అన్నం మోసుకొచ్చింది బ్లాక్ పాంథర్ పార్టీ. లోపల కూర్చున్నవాళ్లలో చక్రాల కుర్చీ వాడే బ్రాడ్ లోమాక్స్ ఉన్నాడు, ఆయన కూడా పాంథరే. నియమాలు సాధించుకుని బయటికొచ్చారు. మన దళిత పాంథర్స్ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు. ఆ పేరుతో పాటు ఈ అన్నం ముచ్చట కూడా తెచ్చుకోవాల్సింది.

పేరు మార్చితే దారి రాదు

మనల్ని హరిజనులన్నారు. దేవుడి బిడ్డలట. బాయి మాత్రం ఇవ్వలేదు. 2015 డిసెంబర్‌లో ప్రధాని రేడియోలో దివ్యాంగులు అనే మాట తెచ్చారు, తర్వాత ప్రభుత్వ కాగితాల నిండా అదే. దైవ అంగమట. వికలాంగుల సంఘాలు చాలా అప్పుడే అభ్యంతరం చెప్పాయి. మనకు ఆ అభ్యంతరం ఎవరూ విడమర్చి చెప్పనవసరం లేదు. దేవుణ్ని పేరులో పెట్టినప్పుడల్లా మనిషి హక్కు పక్కకు పోయింది.

చట్టం దగ్గర మాత్రం మనకూ వాళ్లకూ చుట్టరికం ఉంది. 1989 అత్యాచార నిరోధక చట్టంలో నలుగురు చూసే చోట అవమానించడం నేరం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్‌లో దాదాపు అవే మాటలు ఉన్నాయి, ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా జైలు. "ఏ కుంటోడా" అని పిలవడం ఊర్లో అలవాటు, చట్టంలో నేరం కావచ్చు. మన కార్యకర్తల్లో ఈ సెక్షన్ తెలిసినవాళ్లు ఎంతమంది?

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పఠాన్ జమాల్ వలి కేసులో తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసు. చూపులేని ఒక దళిత యువతిపై అత్యాచారం. కులం, లింగం, వైకల్యం మూడూ ఒకే మనిషి మీద ఎట్లా కలిసి పడతాయో కోర్టు వివరంగా రాసింది. యావజ్జీవ శిక్షను నిలబెట్టింది. అయితే కులం కారణంగానే నేరం జరిగిందన్న సాక్ష్యం రికార్డులో లేదంటూ అత్యాచార నిరోధక చట్టం కింద శిక్షను కొట్టేసింది. మూడు ముడులు కలిసి ఉన్నాయని చెప్పిన తీర్పే ఒక ముడికి సాక్ష్యం లేదంది. మన రాత, మన ఫిర్యాదు, మన సాక్ష్యం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఇది చెబుతుంది.

ప్రకటించాల్సిన కాగితం

2016 చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. 21 రకాల వైకల్యాలు, ఉద్యోగాల్లో 4 శాతం, పేదరిక నిర్మూలన పథకాల్లో, భూమి, ఇండ్ల కేటాయింపులో 5 శాతం. విద్యార్థులు పరీక్షల కోసం ఇవి చదువుతారు. చాలామంది చదవనిది 45వ సెక్షన్.

అందులో రెండు మాటలున్నాయి. ఒకటి, ఉన్న ప్రజా భవనాలన్నీ నియమాలు వెలువడిన ఐదేండ్లలో అందరికీ అందుబాటులోకి రావాలి. నియమాలు 2017 జూన్ 15న వచ్చాయి. అంటే 2022 జూన్‌తో గడువు అయిపోయింది. రెండు, ప్రభుత్వమూ స్థానిక సంస్థలూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఆసుపత్రులు, బడులు, రైల్వే స్టేషన్లు, బస్టాపుల వంటి చోట్లకు ఏది ముందు ఏది వెనక అని కార్యాచరణ ప్రణాళిక తయారు చేసి ప్రకటించాలి. స్థానిక సంస్థలు అని చట్టంలోనే ఉంది. ప్రకటించాలి అని కూడా ఉంది. మీ ఊరి ప్రణాళిక మీరెప్పుడైనా చూశారా?

2005లో రాజీవ్ రతూరి అనే చూపులేని వ్యక్తి రోడ్లు, భవనాలు అందుబాటులో లేవని సుప్రీంకోర్టుకు పోయాడు. ఆ కేసులో 2024 నవంబర్ 8న తీర్పు వచ్చింది. అందుబాటు ప్రమాణాలను సలహాల్లాగా వదిలేసిన 15వ నియమం చట్టానికే విరుద్ధమని కోర్టు చెప్పింది. కొన్ని ప్రమాణాలైనా కచ్చితంగా పాటించేలా మూడు నెలల్లో నియమాలు చేయమంది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారు చేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వికలాంగుల అధ్యయన కేంద్రం. హైదరాబాద్‌లో రాసిన నివేదికతో ఢిల్లీలో తీర్పు వచ్చింది. అది బిచ్కుంద దాకా రావాలంటే మనమే తేవాలి.

ర్యాంపు ఎంత పొడుగు?

ఊరి ప్రణాళిక ఎట్లా తయారవుతుందో చూద్దాం. 2015 ఆగస్టులో తెలంగాణలో గ్రామజ్యోతి మొదలైంది. ప్రతి పంచాయతీ తన అభివృద్ధి ప్రణాళిక తానే రాసుకోవాలన్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంది. 2019లో పల్లె ప్రగతి వచ్చింది. పై నుంచి నమూనా ఇచ్చారు, గడువు పెట్టారు, రోజూ ఫొటోలు అడిగారు. ఊరూరా ట్రాక్టర్, నర్సరీ, డంపింగ్ యార్డు, పల్లె ప్రకృతి వనం, వైకుంఠధామం వచ్చాయి.

రాష్ట్రాల జాబితాలో 9, 10 అంశాలు గుర్తుపెట్టుకోమన్నాను కదా. పదో అంశం ఊరూరికీ చేరింది, వైకుంఠధామమై. తొమ్మిదో అంశం పింఛను దగ్గరే ఆగింది. పంచాయతీలతో పని చేయించడం సాధ్యం కాదని ఇక ఎవరూ చెప్పలేరు. చేయాలనుకున్నది చేయించారు.

2022లో మా వైపు ఒక పల్లెలో గ్రామసభకు తమ్ముణ్ని తీసుకుని పోయాను. ఊరి పేరు మళ్లీ అడగకండి, ఏ ఊరైనా అంతే. అప్పటికి తమ్ముడికి మూడు చక్రాల బండి ఉంది. సభ వరండాలో పెట్టారు. మూడు మెట్లు. తమ్ముడు కింద ఎండలో ఉండిపోయాడు. నేను అడిగితే, "ర్యాంపు ఉన్నది గద సార్, పక్కకు చూడుండ్రి" అన్నారు. ఉంది. తమ్ముడు దాన్ని చూసి నవ్వాడు. "అన్నా, ఇది నాకోసం కాదు, మోటర్ సైకిల్ ఎక్కించనీకి కట్టిండ్రు."

టేపు తెప్పించి కొలిచాం. వరండా ఎత్తు అడుగున్నర. ర్యాంపు పొడుగు ఐదడుగులు. ప్రమాణం ఏమిటంటే, ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు. అంటే అడుగున్నరకు పద్దెనిమిది అడుగులు కావాలి. ఐదడుగుల ర్యాంపు మీద చక్రాల కుర్చీ ఎక్కదు, ఎక్కితే వెనక్కి పడుతుంది. మేస్త్రీని తప్పుపట్టే ముందు అంచనా కాగితం అడిగి చూశాం. "ర్యాంపు - 1" అని రాసి ఉంది. పొడుగు లేదు, వాలు లేదు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. మేస్త్రీ రాసిందే కట్టాడు.

ప్రణాళిక పుస్తకం కూడా తిరగేశాం. 26వ అంశానికి సంబంధించి ఒకే వరుస ఉంది: దివ్యాంగుల పింఛన్ల పంపిణీ. మరుగుదొడ్డి లేదు, అంగన్‌వాడీ గుమ్మం లేదు, బస్టాపు లేదు, బోరింగు చుట్టూ గద్దె లేదు. పింఛను రాష్ట్రం ఇస్తుంది. పంచాయతీ చేసేది ఏముందని అడిగితే ఎవరూ మాట్లాడలేదు.

ఎన్నికల రోజు మాత్రం బడికి చెక్క ర్యాంపు వస్తుంది. చక్రాల కుర్చీ వస్తుంది, వాలంటీరు వస్తాడు. మర్నాడు అవన్నీ పోతాయి. ఓటరుకు ఒక రోజు దారి, అదే బడికి పోవాల్సిన పిల్లకు మిగతా రోజులు దారి లేదు.

ఎస్సీ ఎస్టీ ఉప ప్రణాళిక కోసం మనం ఏండ్ల తరబడి ఎందుకు కొట్లాడాం? సంక్షేమం అనే మాటకు డబ్బు లెక్క లేకపోతే ఆ డబ్బు ఫ్లైఓవర్లకు పోతుందని తెలుసు కాబట్టి. 2013లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది, 2017లో తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఆ చట్టాల అమలు మీద మనకు ఎన్ని ఫిర్యాదులున్నా, అడగడానికి ఒక పద్దు దొరికింది. 26వ అంశానికి ఊరి బడ్జెట్‌లో అట్లాంటి పద్దు కావాలి.

మన గద్దె ఎత్తు

ఇంతదాకా ఇతరులను అడిగాను. ఇప్పుడు మన సంగతి.

మా వాడలో బాబాసాహెబ్ విగ్రహానికి చందాలు వసూలు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. గద్దె ఎంత ఎత్తు ఉండాలని చర్చ వస్తే, ఊర్లో అన్ని విగ్రహాల కంటే ఎత్తు ఉండాలని వాదించింది నేనే. నాలుగడుగుల గద్దె, ఇనుప నిచ్చెన మెట్లు. ప్రతి ఏప్రిల్ 14న నేను ఎక్కి దండ వేశాను. తమ్ముడు ప్రతి ఏడాదీ కిందనుంచి జై భీమ్ అన్నాడు. పన్నెండేండ్లు. ఒక్కసారి కూడా నాకు ఏమీ అనిపించలేదు. ఆ పల్లెలో టేపు పట్టుకుని పంచాయతీ వాళ్లను నిలదీసి ఇంటికొచ్చిన రాత్రి తమ్ముడు నెమ్మదిగా అన్నాడు: "అన్నా, మన గద్దె కూడా కొలుద్దామా?"

నాలుగడుగులకు నలభై ఎనిమిది అడుగుల ర్యాంపు కావాలి. అంత జాగా లేదు. యువజన సంఘం పిల్లలతో కూర్చుని మాట్లాడాం. ఇప్పుడు విగ్రహం ముందు నేల మీద చిన్న బల్ల వేసి బాబాసాహెబ్ పటం పెడుతున్నాం. అందరూ అక్కడే దండ వేస్తారు. పైకి ఎవరూ ఎక్కరు. మొదటి ఏడాది మొదటి దండ తమ్ముడు వేశాడు. కొందరు పెద్దలు అలిగారు, బాబాసాహెబ్‌ను కిందికి దింపిండ్రని. రెండో ఏడాది వాళ్లే వచ్చారు. వాళ్లకు కూడా మోకాళ్ల నొప్పులే.

ఇప్పుడు బిచ్కుందలో

పంచాయతీగా ఉన్న బిచ్కుంద ఇప్పుడు మున్సిపాలిటీ. అంటే పదకొండో షెడ్యూలు నుంచి పన్నెండో షెడ్యూలుకు మారింది. అక్కడ 9వ అంశం: వికలాంగులు, మానసిక వైకల్యం ఉన్నవారితో సహా బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ. పంచాయతీ జాబితాలో పక్కపక్కన ఉన్న రెండు వరుసలు మున్సిపాలిటీ జాబితాలో ఒకే వరుసలోకి వచ్చాయి. కొత్త మున్సిపాలిటీ అంటే కొత్త ఆఫీసు, కొత్త రోడ్లు, కొత్త డ్రైన్లు, కొత్త భవన అనుమతులు. 2016 చట్టం 44వ సెక్షన్ ప్రకారం అందుబాటు నియమాలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వగూడదు, కట్టిన తర్వాత పూర్తయినట్టు సర్టిఫికెట్ కూడా ఇవ్వగూడదు. కట్టాక పగలగొట్టడం ఖర్చు. కట్టకముందు అడగడానికి ఖర్చు లేదు. ఇదే సమయం.

మూడు భాషలు మాట్లాడే సరిహద్దు ప్రాంతం మాది. జుక్కల్ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఎమ్మెల్యే మనవాడే అయ్యే చోట కూడా 26వ అంశం ఖాళీగా ఉంటే, అది ఇక పైవాళ్ల తప్పు ఒక్కటే కాదు.

తమిళనాడు 2025 ఏప్రిల్‌లో స్థానిక సంస్థల్లోకి వికలాంగులను సభ్యులుగా నామినేట్ చేసేలా చట్టాలు సవరించింది. మెట్ల కింద ఉండిపోయిన మనిషి కొలతలు రాసే బల్ల దగ్గర కూర్చోవాలి. మన రెండు రాష్ట్రాల్లో మనం అడగాల్సింది ఇదే.

విద్యార్థులారా, ఈ వారం ఒక పని చేయండి. ఒక టేపు తీసుకోండి. మీ ఊర్లో పంచాయతీ ఆఫీసు, బడి, ఆరోగ్య ఉపకేంద్రం, రేషన్ దుకాణం, బస్టాపు కొలవండి. గుమ్మం ఎత్తు, ర్యాంపు పొడుగు, మరుగుదొడ్డి తలుపు వెడల్పు. కొలిచేటప్పుడు మీ ఊరి వికలాంగులను వెంట పెట్టుకోండి, వాళ్లు లేకుండా కొలవకండి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు వేయండి. ప్రశ్న ఒక్కటే చాలు: 2016 చట్టం 45వ సెక్షన్ కింద మీ సంస్థ ప్రకటించిన కార్యాచరణ ప్రణాళిక ప్రతి ఇవ్వండి. జవాబు ఏమొచ్చినా నాకు పంపండి. లేదు అని వచ్చినా పంపండి. లేదు అని రాసిచ్చిన కాగితం కూడా మహాడ్ తీర్మానం లాంటిదే, అక్కడి నుంచి నడవడం మొదలుపెట్టొచ్చు.

ఫోన్ చేసిన చెల్లెకు నా జవాబు ఇది. మీ అమ్మ ఏ చరిత్రలో ఉందని అడిగావు. మేం రాయలేదు కానీ ఆమె మొదటినుంచీ ఉంది. మీ ఊరి బస్టాపు దగ్గర ఆమెను నిలబెట్టి, ఏది అడ్డమో ఆమెనే చెప్పమను. నువ్వు రాయి. తర్వాతి భాగం నీదే వేస్తాను.

తాత కుట్టిన చేతి చెప్పులు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. తోలు ఎండిపోయింది, టైరు మాత్రం అట్లాగే ఉంది. తమ్ముడు వాటిని పారేయనివ్వడు.

జై భీమ్.